భయం ఒక మొక్క మీద, ప్రమాదం ఇంకో మొక్కలో

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫార్వర్డ్ మీ కంట పడే ఉంటుంది. పెద్ద ఆకులు, మధ్యలో తెల్లటి మచ్చలున్న కుండీ మొక్క ఫొటో, దాని కింద "దీని ఆకు నోట్లో పెట్టుకుంటే పిల్లలు నిమిషంలో, పెద్దవాళ్ళు పావుగంటలో చనిపోతారు, వెంటనే ఇంట్లోంచి తీసెయ్యండి" అనే హెచ్చరిక. ఆ మొక్క పేరు డైఫెన్‌బాకియా. ఫార్వర్డ్‌లో చెప్పిన చావు లెక్క శుద్ధ అబద్ధం. అయినా అది వచ్చిన రోజు కొన్ని కుండీలు లిఫ్ట్ పక్కకి, అక్కడి నుంచి చెత్తలోకి వెళ్ళిపోతాయి.

అదే అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ గ్రిల్ పక్కన అడీనియం ఎండకి విరగబూస్తూ ఉంటుంది. గేటుకి అటూ ఇటూ పామ్‌లా కనిపించే సైకస్‌లు ఉంటాయి. పిల్లిని పెంచుకునే ఇంట్లో టీపాయ్ మీద ఎవరో తెచ్చిన లిల్లీల బొకే ఉంటుంది. వీటి గురించి ఎవరూ ఏ మెసేజూ పంపరు. నా బాధంతా ఇదే. భయపడాల్సిన చోట మనకి భయం లేదు, అంతగా భయపడక్కర్లేని చోట మాత్రం కుండీలు బయట పడేస్తున్నాం.

ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, ఇంటర్నెట్‌లో దొరికే "ఇంట్లో పెంచకూడని మొక్కలు" జాబితాల్లో. నోరు కాసేపు మండించే మొక్క, కడుపు తిప్పి వాంతి చేయించే మొక్క, గుండె లయని చెడగొట్టే మొక్క, అన్నీ అక్కడ ఒకే వరసలో ఉంటాయి. కుక్కలకీ పిల్లులకీ పడని మొక్కల జాబితాలైతే మరీ పొడవు, వాటిలో చామంతి, కలబంద, టమాటా మొక్క కూడా కనిపిస్తాయి. ఆ జాబితాలు తప్పని అనను, కానీ ఏది ఎంత తీవ్రమో వాటిలో చాలా వరకు చెప్పవు. చదివినవాళ్ళలో కొందరు ఉన్నవన్నీ పీకేస్తారు, ఇంకొందరు "మా ఇంట్లో ఎన్నేళ్ళ నుంచో మనీ ప్లాంట్ ఉంది, ఎవరికేమైంది?" అని మొత్తం కొట్టిపారేస్తారు. నాకు ఈ రెండో రకం వాళ్ళ గురించే ఎక్కువ టెన్షన్, ఎందుకంటే అదే ధైర్యంతో రేపు పాకే పిల్ల ఉన్న ఇంట్లో గన్నేరు కుండీ కూడా నేల మీద పెడతారు.

కందకు లేని దురద

ముందు ఆ ఫార్వర్డ్ మొక్క సంగతే చూద్దాం. డైఫెన్‌బాకియా ఎవరి చుట్టమో తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. వృక్షశాస్త్రంలో దాని కుటుంబాన్ని ఏరేసీ అంటారు, మన వంటింటి లెక్కలో అది చామ, కంద కుటుంబం. నర్సరీలో నీడ మొక్కలు అని చూపించే వాటిలో చాలా భాగం ఈ కుటుంబానివే. మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, సింగోనియం, మాన్‌స్టెరా, అగ్లోనిమా, పీస్ లిల్లీ, ఆంథూరియం, కెలాడియం, అలోకేషియా, ఈమధ్య ప్రతి ఆఫీసులోనూ కనిపించే జెడ్‌జెడ్ ప్లాంట్, అన్నీ దగ్గరి బంధువులు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అనే సామెత ఊరికే పుట్టలేదు. కంద తరిగేముందు చేతులకి నూనె రాసుకోవడం, చింతపండు వేసి ఉడికించడం, సరిగా ఉడకని చామాకు గొంతులో గరగరలాడటం మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి బాగా తెలిసిన విషయాలు. కందలో దురద పెట్టేదే డైఫెన్‌బాకియా ఆకులోనూ ఉంది, దాని పేరు కాల్షియం ఆక్సలేట్. ఈ మొక్కల కణజాలంలో అక్కడక్కడా ప్రత్యేకమైన కణాలుంటాయి, వాటిలో కంటికి కనిపించనంత సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఆకుని కొరికినా తుంచినా ఆ కణం పగిలి సూదులు బయటికి దూసుకొచ్చి నోటి లోపలి మెత్తటి చర్మంలో గుచ్చుకుంటాయి. వాటితో పాటు వచ్చే రసం మంటనీ వాపునీ పెంచుతుంది. పెదాలు, నాలుక మండుతాయి, వాస్తాయి, చొంగ కారుతుంది, కొన్ని గంటలు మింగడానికి ఇబ్బందిగా ఉంటుంది, ఎక్కువగా నమిలితే ఒకటి రెండు రోజులు కూడా బాధ ఉండొచ్చు.

ఆక్సలేట్ అనగానే కిడ్నీలు గుర్తొస్తాయి చాలామందికి. పాలకూరలో ఉన్న ఆక్సలేట్‌లో ఎక్కువ భాగం నీళ్ళలో కరిగే రకం, అది రక్తంలోకి వెళ్తుంది, అందుకే కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళని తగ్గించుకోమంటారు. ఈ కుండీ మొక్కల్లో సూదులు కరగని రకం. తగిలిన చోట బాధపెడతాయి తప్ప రక్తంలో కలిసి లోపలి అవయవాలని పాడుచేయడం చాలా అరుదు. మరి ప్రాణాపాయమే లేదా? గొంతు వెనక భాగం బాగా వాచి ఊపిరి ఆడకపోతే ఉంది. అలాంటి కేసులు వైద్యశాస్త్రంలో నమోదయ్యాయి కానీ చాలా అరుదు, అదీ కాండం బాగా కొరికి నమిలినప్పుడు. కుటుంబంలోనూ అన్నీ సమానం కావు, డైఫెన్‌బాకియా, అలోకేషియా కాస్త ఘాటైనవి, మనీ ప్లాంట్ వాటికంటే నెమ్మది.

అసలు విషయం ఏమిటంటే, ఈ మంట వెంటనే మొదలవుతుంది. పసిపిల్ల ఆకు కొరికిన క్షణంలోనే ఏడ్చి ఉమ్మేస్తుంది, రెండో ముక్క నోట్లోకి వెళ్ళదు. కాబట్టి లోపలికి వెళ్ళే మోతాదు దాదాపు ఎప్పుడూ తక్కువే. మొక్క తనని తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అనుకోకుండా పిల్లని కూడా కాపాడుతోంది.

వెంటనే మండనివే అసలు ప్రమాదం

ఇప్పుడు దీన్ని గురివింద గింజతో పోల్చి చూడండి. ఎర్రగా, నల్ల బొట్టుతో, పిల్లల చూపు లాగేసే గింజ. దానిలో అబ్రిన్ అనే విషం ఉంటుంది, అత్యంత తీవ్రమైన వృక్ష విషాల్లో అది ఒకటి. గింజ పైపెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగేస్తే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది, కానీ నమిలినా, పూసగా గుచ్చడానికి సూదితో పొడిచిన గింజ మింగినా లెక్క మారిపోతుంది. బాధ వెంటనే మొదలవ్వదు, వాంతులు, విరేచనాలు మొదలయ్యేసరికి గంటలు గడిచిపోతాయి, అప్పటికి పిల్ల ఏం మింగిందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఆముదం గింజల్లో రిసిన్ కూడా ఇదే తరహా. అడవి ఆముదం గింజలైతే తినడానికి రుచిగానే ఉంటాయి, అందుకే మన దేశంలో బడి పిల్లలు అవి గుంపుగా తిని ఆస్పత్రిలో చేరిన వార్తలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. అడవి నాభి పూలు మంటల్లా ఎంత అందంగా ఉంటాయో, తమిళనాడు వాళ్ళు దాన్ని రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నారు కూడా. ఆ తీగని డాబా మీద పెంచేవాళ్ళు ఉన్నారు. దాని దుంపలో, గింజల్లో ఉండే కాల్చిసిన్ కడుపుతో మొదలుపెట్టి తర్వాతి రోజుల్లో శరీరంలో ఒక్కో వ్యవస్థనీ దెబ్బతీస్తుంది. ఆ దుంపని తినే దుంప అనుకుని వండుకున్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక గన్నేరు. ఎర్ర గన్నేరైనా, తెల్ల గన్నేరైనా, పచ్చ గన్నేరైనా ఆకు, పువ్వు, బెరడు, గింజ అన్నింటిలోనూ గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు అనే విషాలు ఉంటాయి. ఇవి గుండె కండరంలో సోడియం, పొటాషియం రాకపోకలని అడ్డుకుంటాయి, దాంతో లయ తప్పుతుంది. గుండె జబ్బుకి డాక్టర్లు కొలిచి ఇచ్చే డిగాక్సిన్ మందు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది, తేడా ఏమిటంటే మాత్రలో మోతాదు తెలుసు, ఆకులో తెలియదు. 2024 మేలో కేరళలో ఆలయాలు నడిపే తిరువితాంకూర్ దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూల వాడకం ఆపేసింది. ఒక యువతి గన్నేరు ఆకులు నమలడం వల్లే చనిపోయిందన్న అనుమానం వచ్చాక తీసుకున్న నిర్ణయం అది.

మనకి గన్నేరు కొత్త కాదు. వినాయక చవితికి ముందు రోజు మార్కెట్లో కొనే పత్రి కట్టని ఒకసారి విప్పి చూడండి. ఇరవై ఒక్క పత్రాల్లో కరవీరం అంటే గన్నేరు, దత్తూరం అంటే ఉమ్మెత్త, అర్కం అంటే జిల్లేడు. మూడూ విషపు మొక్కలే. తరతరాలుగా వీటిని చేత్తో తాకి, దేవుడి ముందు పెట్టి, నిమజ్జనంలో కలుపుతున్నాం. తాకితే ఏమీ కాదు, లోపలికి వెళ్తే అవుతుంది అనే తేడా పాతవాళ్ళకి స్పష్టంగా తెలుసు, గన్నేరుని పెరట్లో ఒక మూలన ఉంచేవాళ్ళు. ఇప్పుడు పెరడు లేదు. అదే మొక్క పొట్టి రకమై, కుండీలోకి చేరి, హాలుకి ఆనుకున్న బాల్కనీలో పిల్ల పాకే ఎత్తులో ఉంటోంది. మొక్క మారలేదు, మన ఇంటి కొలత మారింది.

అడీనియం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. హైదరాబాద్ ఎండకి ఇంత చక్కగా సరిపోయే పూల మొక్క ఇంకొకటి లేదు. నాలుగు రోజులు నీళ్ళు పోయకుండా ఊరెళ్ళొచ్చినా తట్టుకుంటుంది, ఏప్రిల్‌లో మిగతావన్నీ వాడిపోతుంటే ఇది పూస్తుంది. బలిసిన మొదలు చూసి బోన్సాయ్ అని కొనుక్కుని హాల్లో పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ ఇది గన్నేరుకి సొంత చుట్టం, ఒకే కుటుంబం, పాలలో అదే రకం గుండె విషాలు. ఆఫ్రికాలో కొన్ని తెగలు దీని పాలని బాణాల మొనలకి పూసేవాళ్ళు. దీని కాయలు జంటగా కొమ్ముల్లా వస్తాయి, పగిలితే రెండు కొసలా దూది ఉన్న గింజలు గాల్లో ఎగురుతాయి, పిల్లలు వాటిని ఊదుకుంటూ ఆడతారు. గింజలు అక్కర్లేకపోతే కాయ పచ్చిగా ఉన్నప్పుడే కత్తిరించెయ్యండి. చలి తగ్గాక కొమ్మలు కత్తిరించేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కునే దాకా కళ్ళూ నోరూ తాకకండి. దీన్ని పారెయ్యమని నేను చెప్పను, నాకు చాలా ఇష్టమైన మొక్క ఇది. పాకే పిల్లలు, నమిలే కుక్కపిల్ల ఉన్న ఇంట్లో నేల మీద పెట్టకూడదు, అంతే.

ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే

మనుషుల లెక్క ఒకటి, జంతువుల లెక్క ఇంకొకటి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి బొకేల్లోకి వచ్చే పెద్ద సువాసన లిల్లీలు మనకి పెద్దగా హాని చెయ్యవు. పిల్లికి మాత్రం అవి ప్రాణాంతకం. ఆకు కొరకడం దాకా అక్కర్లేదు, పుప్పొడి ఒంటి మీద రాలి, పిల్లి దాన్ని నాకి శుభ్రం చేసుకున్నా చాలు, వాజులో నీళ్ళు తాగినా చాలు, కిడ్నీలు దెబ్బతింటాయి. మొదట వాంతులు అవుతాయి, తర్వాత కాసేపు తేరుకున్నట్టే కనిపిస్తుంది, ఆ తేరుకోవడం చూసి ఆగిపోతే ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. మొదటి కొన్ని గంటల్లోనే వెటర్నరీ డాక్టర్ దగ్గర సెలైన్ పెట్టిస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ. పిల్లి ఉన్న ఇంటికి లిల్లీలు రాకూడదు, దీనిలో మధ్యే మార్గం లేదు. పీస్ లిల్లీ అసలైన లిల్లీ కాదు, అది పైన చెప్పిన కంద కుటుంబం, నోరు మండుతుంది గానీ కిడ్నీల జోలికి పోదు.

కుక్కల విషయంలో నా పెద్ద భయం సైకస్. నర్సరీల్లో దీన్ని పామ్ అనే అమ్ముతారు, చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ తాటి, ఈత, అరెకా జాతులకీ దీనికీ చుట్టరికం లేదు. దీనిలో ఉండే సైకాసిన్ అనే విషం కుక్క కాలేయాన్ని పాడుచేస్తుంది, గింజలు అన్నింటికంటే ప్రమాదం, వైద్యం చేయించినా చాలా కుక్కలు దక్కవు. అరెకా పామ్ మాత్రం పూర్తిగా సురక్షితం, రెండూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు కాబట్టి కొనేటప్పుడు చూసుకోండి. సైకస్ ఆకు కొస బిరుసుగా గుచ్చుకుంటుంది, అరెకా ఆకు మెత్తగా ఉంటుంది. అన్నట్టు కుక్కకి మనం ప్రేమగా కలిపి పెట్టే సాంబారన్నంలో ఉల్లి, వెల్లుల్లి కూడా దాని రక్తకణాలని పగలగొడతాయి. మనీ ప్లాంట్ గురించి కంగారుపడేవాళ్ళు ముందు ఆ గిన్నె సంగతి చూడాలి.

పాలు కారేవి, కంటికి తగిలేవి

తుంచితే తెల్లటి పాలు వచ్చే మొక్కల్లో ఇంకో గుంపు ఉంది. ముళ్ళతో ఎర్రటి పూలు పూసే యుఫోర్బియా, క్రిస్మస్ ముందు నర్సరీల్లో ఎర్రటి ఆకులతో కనిపించే పాయిన్‌సెట్టియా, జెముడు రకాలు. పాయిన్‌సెట్టియా మీద ఒక పాత పుకారు ఉంది, 1919లో హవాయిలో దీని ఆకు తిని ఓ చిన్నపిల్ల చనిపోయిందని. దానికి ఎన్నడూ రుజువు దొరకలేదు. 1996లో అమెరికా పరిశోధకులు విష సమాచార కేంద్రాలకి వచ్చిన 22,793 పాయిన్‌సెట్టియా కేసులు పరిశీలిస్తే ఒక్క మరణం కూడా లేదు, ఎక్కువమందికి ఏ లక్షణమూ రాలేదు. అంటే అది దాదాపు నిరపాయకరం. దాని బంధువులైన ముళ్ళ యుఫోర్బియా, జెముడు పాలు మాత్రం చర్మం మీద బొబ్బలు తెప్పించగలవు, కంట్లో పడితే విపరీతమైన మంట, చూపు మసకబారడం ఉంటాయి.

జిల్లేడు పాలు ఇంకా మోసకారి. కంట్లో పడితే ఒక్కోసారి నొప్పే ఉండదు, కానీ నల్లగుడ్డు మీది పారదర్శక పొర లోపలి కణాలు దెబ్బతిని చూపు మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే ఆలస్యం అయిపోతుంది. రథసప్తమికి నెత్తి మీద జిల్లేడు ఆకులు పెట్టి పిల్లలకి స్నానం చేయించేవాళ్ళు, ఆకులు ముందే కోసి, కాడల నుంచి పాలు కారడం ఆగాక, కడిగి వాడాలి. ఎవరి కంట్లో పడినా ఆలస్యం చేయకుండా కుళాయి కింద కనీసం పదిహేను నిమిషాలు కడిగి, నొప్పి ఉన్నా లేకపోయినా కంటి డాక్టర్‌కి చూపించాలి.

స్నేక్ ప్లాంట్, జేడ్, క్రోటన్, రబ్బర్ ప్లాంట్, ఇవి తక్కువ రకం. స్నేక్ ప్లాంట్‌లో సపోనిన్లు ఉంటాయి, తింటే వాంతి, విరేచనాలు, అంతకుమించి చాలా అరుదు. క్రోటన్, రబ్బర్ ప్లాంట్ పాలు కొందరి చర్మానికి పడవు. వీటితో నిశ్చింతగా బతకొచ్చు.

గాలి సంగతి

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. విషపు మొక్క గదిలో ఉంటే గాలి కూడా విషమవుతుందా, బెడ్‌రూమ్‌లో పెట్టొచ్చా అని. ఈ మొక్కల విషం ఆకులో, పాలలో, గింజలో ఉంటుంది, గాల్లోకి రాదు. పక్కన పడుకుంటే ఏమీ కాదు. రాత్రి పూట అవి వదిలే కార్బన్ డయాక్సైడ్ పక్కన నిద్రపోతున్న మనిషి వదిలే దానితో పోలిస్తే లెక్కలోకి రాదు. అలాగని అవి గాలిని శుద్ధి చేస్తాయని కూడా నమ్మకండి. ఆ నమ్మకానికి మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. మామూలు ఇంట్లో కిటికీల నుంచి వచ్చి పోయే గాలి చేసే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్క కట్టింది. మొక్కలు కంటికి, మనసుకి హాయినిస్తాయి, పెంచడానికి ఆ కారణం సరిపోతుంది.

పెద్దవాళ్ళు తమకి తాము చేసుకునే హాని

పిల్లల గురించే మాట్లాడుకుంటున్నాం గానీ, కుండీలోంచి ఆకు కోసుకుని కావాలని తినేది పెద్దవాళ్ళే. షుగర్‌కి బిళ్ళ గన్నేరు ఆకులు పరగడుపున నమలమని, కిడ్నీలో రాళ్ళకి రణపాల ఆకు రోజూ తినమని యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి. బిళ్ళ గన్నేరు నుంచే వింక్రిస్టిన్, వింబ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీస్తారు, ఆస్పత్రిలో వాటిని మిల్లీగ్రాముల లెక్కన, రక్తపరీక్షలు చూసుకుంటూ ఎక్కిస్తారు. అలాంటి మొక్క ఆకుల్ని గుప్పెడు లెక్కన నమలడం ఎంత సాహసమో ఆలోచించండి. రణపాల జాతి మొక్కల్లో కూడా గుండె మీద పనిచేసే పదార్థాలుంటాయి, ఆ జాతి మొక్కలు మేసి ఆస్ట్రేలియాలో పశువులు చనిపోవడం బాగా తెలిసిన విషయం. అప్పటికే గుండెకి, బీపీకి మందులు వాడుతున్న అమ్మమ్మలూ తాతయ్యలూ ఇంట్లో ఉంటే వాళ్ళకి ఈ మాట మెల్లగా, గౌరవంగా చెప్పండి. షుగర్‌కి ఆకు నమిలి మాత్ర మానేసిన మనిషికి రెండు వైపుల నుంచీ ప్రమాదమే.

కుండీ చుట్టూ ఉన్నవి

మొక్క కంటే కుండీలో మట్టి ప్రమాదం కావచ్చు. కడియం నుంచో, శివారు నర్సరీల నుంచో వచ్చే మొక్కకి పురుగు పట్టకుండా మందు కొట్టే పంపుతారు, కొన్నిచోట్ల మట్టిలో పురుగుమందు గుళికలు కలుపుతారు. ఫోరేట్ గుళికలని మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు, అంత తీవ్రమైన విషం అది. నెక్లెస్ రోడ్డు మేళాలో కొన్నా, వీధి బండి మీద కొన్నా, కొత్త మొక్కని కొన్ని వారాలు పిల్లలకి అందకుండా విడిగా ఉంచండి, పై మట్టి కొంత తీసి కొత్త మట్టి వేయండి, ఆకులు నీళ్ళతో తుడవండి. మట్టి తినే అలవాటున్న పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి. పురుగుమందుని కూల్‌డ్రింక్ సీసాలో పోసి సింకు కింద పెట్టడం మాత్రం దయచేసి ఎవరూ చెయ్యకండి. ఏ ఆకూ చెయ్యలేనంత హాని ఆ సీసా చేస్తుంది.

కుండీల మీద అందానికి వేసే తెల్లటి గులకరాళ్ళు మూడేళ్ళలోపు పిల్లల గొంతులో అడ్డుపడే సైజులో ఉంటాయి. మనీ ప్లాంట్ వేసిన గాజు సీసా, కుండీ కింద ప్లేటు, వీటిలో నిలిచిన నీళ్ళలో డెంగీ దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో కొత్త దోమ తయారు. 2020లో రాష్ట్ర పురపాలక శాఖ "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని నిలవ నీళ్ళు పారబోయించే కార్యక్రమం పెట్టింది గుర్తుందా, ఆ పది నిమిషాల్లో మొదట చూడాల్సింది మనీ ప్లాంట్ సీసానే. హైదరాబాద్‌లో మనీ ప్లాంట్ వల్ల ఎవరైనా ఆస్పత్రి పాలయ్యారంటే ఆకు వల్ల కంటే ఆ నీళ్ళ వల్ల అయ్యే అవకాశమే ఎక్కువని నా నమ్మకం.

ఏది ఎక్కడ పెట్టాలి

ఇంట్లో ఎవరున్నారన్న దాని మీదే ఇదంతా ఆధారపడుతుంది. పెద్దవాళ్ళు మాత్రమే ఉంటే ఇష్టమొచ్చింది పెంచుకోండి, కత్తిరించేటప్పుడు గ్లౌజులు మర్చిపోకండి. పాకడం మొదలైనప్పటి నుంచి మూడేళ్ళ దాకా పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, ఆ కాలంలో కంద కుటుంబం మొక్కల్ని అందని ఎత్తుకి మార్చండి, తీగ కిందికి వేలాడితే కత్తిరించండి, రాలిన ఆకు అప్పుడే ఏరెయ్యండి. గన్నేరు, అడీనియం, అడవి నాభి, ఉమ్మెత్త, సైకస్ మాత్రం ఆ రెండు మూడేళ్ళు వేరే ఇంట్లో పెరగనివ్వండి, మీ డాబా తాళం వేసి ఉండేదైతే అక్కడికి చేర్చండి. నేల మీద ధైర్యంగా పెట్టుకోవాలంటే అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, పెపరోమియా, కలాథియా ఉన్నాయి, మందార ఉంది, మల్లె ఉంది. బుద్ధి ఎదిగే వయసులో పిల్లలకి "ఇది అమ్మ ఇస్తేనే తినాలి, మొక్క నుంచి తెంపి తినకూడదు" అని నేర్పడం ఏ ఎత్తైన స్టాండు కంటే మేలు. వంటాట ఆడే పిల్లలకి ఇది మరీ ముఖ్యం.

పిల్ల ఆకు నమిలేసిందనుకోండి. నోట్లో మిగిలిన ముక్కలు వేలితో తీసి, తడిగుడ్డతో తుడిచి, నీళ్ళతో కడగండి. కంద కుటుంబం అయితే చల్లటి పాలో పెరుగో కొంచెం కొంచెంగా ఇస్తే మంట తగ్గుతుంది. ఉప్పు నీళ్ళు పట్టించి వాంతి చేయించకండి, మన ఇళ్ళలో మొదట చేసే పని అదే, పసిపిల్లలకి ఉప్పు నీళ్ళే ప్రమాదం, పైకి వచ్చే ఆకు గొంతుని రెండోసారి కాలుస్తుంది. ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, మగతగా ఉన్నా, గన్నేరు, అడీనియం, గురివింద, ఉమ్మెత్త, ఆముదం గింజల్లాంటివి తిన్నదని అనుమానం ఉన్నా లక్షణాల కోసం ఎదురు చూడకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఆ మొక్క కొమ్మని కవర్లో పెట్టుకుని వెళ్ళండి, పేరు తెలియకపోయినా డాక్టర్‌కి అది పనికొస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117, రోజంతా పనిచేస్తుంది. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి మొక్కకీ పేరు తెలుసుకుని కుండీ మీద మార్కర్‌తో రాసి పెట్టండి, కంగారులో పేరు గుర్తు రాదు.

ఇంకొక్క విషయం. కత్తిరించిన కొమ్మలు. అపార్ట్‌మెంట్ల బయట చెత్త కుప్ప దగ్గర ఆవులు, మేకలు తిరుగుతుంటాయి, మనం పడేసే పచ్చి కొమ్మల గుట్ట వాటికి మేతలా కనిపిస్తుంది. గన్నేరు ఆకు ఎండినా విషం పోదు, ఎండాక చేదు తగ్గి పశువు ఇంకా సులువుగా తినేస్తుంది. కాల్చడం కూడా వద్దు, ఆ పొగ మంచిది కాదు. గన్నేరు, అడీనియం, సైకస్ కత్తిరించిన రోజు ఆ కొమ్మల్ని విడిగా సంచిలో గట్టిగా కట్టించి నేరుగా స్వచ్ఛ ఆటోలో వేయించమని మీ మాలికి చెప్పండి.